ఫిఫా 11 ప్లస్: మూడు సీజన్లు చేశాక

నేను ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) ఆడతాను. వయసు ముప్పై దాటింది. ఒకే సీజన్‌లో కుడి తొడ వెనుక కండరం రెండుసార్లు దెబ్బతింది. రెండోసారి ఎవరో రాయి విసిరారనుకుని వెనక్కి తిరిగి చూశాను, అక్కడ ఎవరూ లేరు. అప్పటిదాకా మా వార్మప్ అంటే మైదానం చుట్టూ రెండు రౌండ్లు, ఆ తర్వాత కబుర్లు చెప్పుకుంటూ కాళ్లు సాగదీసుకోవడం. ఆ దెబ్బకు వైద్యం చేసిన ఫిజియోథెరపిస్టే ఫిఫా 11 ప్లస్ మొదలుపెట్టమన్నారు.

ఇది ఫుట్‌బాల్ ఆటగాళ్లకు గాయాలు తగ్గించడం కోసం 2006లో తయారైన వార్మప్ పద్ధతి. మొత్తం పదిహేను వ్యాయామాలు, ఇరవై నిమిషాలు. మొదటి ఎనిమిది నిమిషాలు నెమ్మది పరుగు, చివరి రెండు నిమిషాలు వేగపు పరుగు. వీటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు సరుకంతా మధ్యలోని పది నిమిషాల్లో ఉంది: ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా ఆపడం), పక్కకు ప్లాంక్, నార్డిక్, ఒంటికాలి నిలకడ, స్క్వాట్ (గుంజీల్లా మోకాళ్లు వంచి లేవడం), గెంతులు. ఒక్కోదానికి మూడు స్థాయులు. జిమ్ అక్కర్లేదు, బరువులు అక్కర్లేదు.

నార్డిక్ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. మోకాళ్ల మీద నిటారుగా నిలవాలి, వెనుక ఒకరు చీలమండలను నేలకు అదిమి పట్టుకోవాలి. తల నుంచి మోకాళ్ల దాకా ఒంటిని కర్రలా ఉంచి, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా ముందుకు వాలాలి. కొంత దూరం వరకు తొడ వెనుక కండరం బరువును ఆపుతుంది. ఆ తర్వాత వణుకు మొదలవుతుంది, ఒక్కసారిగా పట్టు తప్పుతుంది, చేతులు నేలకు ఆనుతాయి. వేగంగా పరిగెత్తేటప్పుడు పాదం నేలను తాకబోయే క్షణంలో ఈ కండరం సాగుతూనే బిగిసి కాలిని ఆపుతుంది. ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే. నార్డిక్ సరిగ్గా ఆ పనినే నేర్పుతుంది.

మొదటి స్థాయికి మూడు నుంచి ఐదుసార్లు చాలు. నేను ఉత్సాహం కొద్దీ తొలిరోజే పది చేశాను. మర్నాడు మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. మొదటి వారాల్లో నొప్పి ఖాయం. దాన్ని చూసి మానేసినవాళ్లు మా జట్టులోనే నలుగురు ఉన్నారు.

మేము చేసిన పెద్ద తప్పు ఇంకొకటి. మ్యాచ్‌కు ముందు కూడా ఇరవై నిమిషాలూ చేయించేవారు మా కోచ్. కిక్కాఫ్ సమయానికి కాళ్లు సీసంలా బరువెక్కేవి. మ్యాచ్ రోజు పరుగుల భాగాలు మాత్రమే చేసి, మధ్య భాగాన్ని వదిలేయాలని మాన్యువల్‌లోనే రాసి ఉంది. అది చదవడానికి మాకు సగం సీజన్ పట్టింది! రెండో సీజన్ నుంచి ఆ పది నిమిషాలను సాధన చివరికి మార్చాం, వారానికి రెండుసార్లు. అలా మార్చి చూసిన పరిశోధన ఆస్ట్రేలియాలో జరిగిందని తర్వాత తెలిసింది. మాకు దొరికిన లాభమల్లా ఎగ్గొట్టేవాళ్లు తగ్గడమే. ఆటకు ముందు ఎవరికైనా బంతి మీదే ధ్యాస ఉంటుంది మరి.

స్క్వాట్, గెంతులు చూడడానికి తేలిక. కానీ దిగేటప్పుడు మోకాలు లోపలికి ఒరిగితే చేసిందంతా వృథా. నాది ఒరుగుతోందని నేను నమ్మలేదు. ఫోనులో తీసిన వీడియోలో కుడి మోకాలు ప్రతిసారీ ఎడమ మోకాలికేసి వంగిపోతూ కనిపించింది. అది సరిచేసుకోవడానికి రెండు నెలలు పట్టింది. పక్కన చూసి చెప్పే మనిషి లేకపోతే ఈ పద్ధతికి సగం విలువే.

లోటు కూడా ఉంది. గజ్జల కండరాలకు ఇందులో ప్రత్యేకంగా ఏమీ లేదు. రెండో సీజన్‌లో నన్ను ఏడిపించింది ఆ నొప్పే. కోపెన్‌హేగన్ అనే వ్యాయామాన్ని విడిగా చేర్చుకున్నాను: పక్కకు పడుకుని పైకాలిని తోటివాడి చేతుల్లో పెట్టి, ఆ కాలి బలంతో నడుము పైకెత్తాలి. నార్వేలో సెమీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల మీద చేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి శిక్షణ వల్ల గజ్జల సమస్యల ముప్పు 41 శాతం తగ్గింది. నాకు నొప్పి తగ్గడానికి ఆరు వారాలు పట్టింది.

11 ప్లస్‌కు పేరు తెచ్చిన పరిశోధన కూడా నార్వేదే. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. అయితే అందులో ఆడినవాళ్లు 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలు. నా వయసుకు అదే లెక్క వర్తిస్తుందని నేను అనుకోను. నా లెక్క ఇది: మూడు సీజన్లలో తొడ కండరం ఒకసారి బిగుసుకుంది, చిరగలేదు. చీలమండ ఒకసారి బెణికింది, అదీ ఇంకొకరి పాదం మీద దిగినందుకు. వేగం పెరిగిందా అంటే లేదు.

ప్లాంక్ అంటే ఇప్పటికీ విసుగే. నార్డిక్‌లో మూడో స్థాయికి పన్నెండు చేయాలి. నేను ఎనిమిది దగ్గరే ఆగిపోయాను. తొమ్మిదోసారి వాలేటప్పుడు, నా కాళ్లు పట్టుకునే మా గోల్‌కీపర్ ముందే నవ్వడం మొదలుపెడతాడు.