మూడేళ్లుగా మా కొట్లో పలుకుతున్న డబ్బా

మాది తెనాలిలో చిన్న టిఫిన్ సెంటర్. పొద్దున ఆరింటి నుంచి పదిన్నర దాకా నా చేతులు పెసరపిండిలోనే ఉంటాయి. ఫోన్‌లో కొట్టిన డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్ బాక్స్ లేనప్పుడు ప్రతివాళ్లూ "కొట్టానక్కా, చూడు" అంటూ ఫోన్ మొహమ్మీద పెట్టేవాళ్లు. పెనం పొగలో ఏం కనిపిస్తుంది? పచ్చ టిక్కు ఉంటే తలూపేదాన్ని. ఒకడు వారం రోజులు ఒకే స్క్రీన్‌షాట్ చూపించి తిని పోయాడు.

అలాంటిది ఈ డబ్బా వచ్చి తెలుగులో "యాభై రూపాయలు" అని పలికేసరికి ప్రాణం లేచొచ్చింది. అట్టు తిప్పుతూ చెవి అటు పడేస్తే చాలు. మొదటి ఏడాది అడగనివాళ్లకు కూడా పెట్టించుకోమని చెప్పాను. పక్కన జ్యూస్ కొట్టు అబ్బాయి నా మాట మీదే తీసుకున్నాడు.

ఆ మాట ఇప్పుడు కాస్త సవరించుకోవాలి.

పోయిన వానాకాలం, ఒక ఆదివారం. కొట్టు నిండా జనం. ఎదురు వీధి మాస్టారు పెసరట్టు ఉప్మా పార్సిల్ కట్టించుకుని 90 రూపాయలు కొట్టారు. డబ్బా పలకలేదు, దాని లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. "రాలేదండీ మాస్టారూ" అన్నాను. ఫోన్ చూపించారు. ఒకసారి దెబ్బతిన్నదాన్ని కదా, స్క్రీన్ నమ్మనన్నాను, పదిమంది ముందు. ఆయన ఒక్క మాట అనలేదు. వంద కాగితం బల్ల మీద పెట్టి, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. తర్వాత ఫోన్‌లో కొట్టిన నలుగురి దగ్గరా డబ్బా పలకలేదని మళ్లీ నోట్లే అడిగి తీసుకున్నాను. పదకొండింటికి చేతులు కడుక్కుని ఫోన్ చూస్తే అందరివీ ఎప్పుడో పడిపోయాయి.

డబ్బు బ్యాంకులో పడే దారి వేరట, డబ్బాకు కబురందే దారి వేరట. లోపల దానికి సొంత సిమ్ ఉంటుంది. రేకుల కింద సిగ్నల్ పోతే అది మూగబోతుంది, డబ్బు మాత్రం పడుతూనే ఉంటుంది. బిగించిన కుర్రాడు ఈ ముక్క చెప్పనేలేదు. కస్టమర్ కేర్‌కి చేస్తే "ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడం" అన్నారు. సిమ్ మార్చే మనిషి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. నెలకు 125 రూపాయల అద్దె మాత్రం పైసా తగ్గకుండా కోసుకున్నారు. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ డబ్బు మీద 2020 జనవరి నుంచి కొట్టువాళ్లకు కమీషన్ లేదు కదా, బహుశా అందుకే ఈ అద్దె మీద అంత మక్కువ.

పోనీ పలకకపోయినా డబ్బు పడిందనే అనుకుందామా అంటే అదీ కుదరదు. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ మొరాయించింది. అది మధ్యాహ్నం గొడవ, నేను అప్పటికే కొట్టు కట్టేశాను. జ్యూస్ అబ్బాయికి మాత్రం మంచి ఎండలో బేరం పోయింది. ఆ రోజు డబ్బా మౌనం నిజమే!

అలాగని తీసేయలేదు. గల్లా దగ్గర కూర్చునే మనిషి ఉన్నవాళ్లకు ఫోన్ చాలు, ఇది అనవసరం. నాకు మా అమ్మాయి సెలవుల్లోనే దొరుకుతుంది. డబ్బాను రేకుల కింద నుంచి గుమ్మం పక్క చెక్క మీదికి మార్చాక మూగబోవడం తగ్గింది. అప్పుడప్పుడూ ఉంది.

మాస్టారి డబ్బులు ఆ సాయంత్రమే ఇంటికెళ్లి ఇచ్చేశాను. ఆయన ఇప్పటికీ వస్తారు. కొట్టాక మాత్రం పొట్లం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడతారు. డబ్బా పలికాక, "విన్నావా అమ్మాయ్?" అని అడిగి మరీ కదులుతారు.