డే కేర్ వార్డుకు నాలుగు స్టార్లు, కుర్చీలకు సున్నా

మా తమ్ముడికి పదకొండో ఏట టైప్ 1 షుగర్ వచ్చింది, దానికి ఎలాగో అలవాటు పడ్డాం. పంతొమ్మిదో ఏట డెర్మటోమయోసైటిస్, అంటే ఒంట్లో ఇమ్యూనిటీయే కండరాల మీదా చర్మం మీదా దాడిచేసే జబ్బు, దాని వెనకే ఒంట్లో కొవ్వు కరిగిపోవడం. బుగ్గలు పీక్కుపోయి చేతుల మీద నరాలు తాళ్లలా తేలితే, చుట్టాలు "పిల్లాడికి అన్నం పెట్టట్లేదా" అని అమ్మనడిగేవాళ్లు. దీన్ని లైపోడిస్ట్రఫీ అంటారు. దాచుకునే చోటు లేక కొవ్వంతా లివర్‌లోకీ రక్తంలోకీ చేరుతుంది, మొదటిసారి తీసిన శాంపిల్ ట్యూబులో పైన పాలలా తెల్లగా తేరింది.

కండరాల జబ్బుకి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి డే కేర్ వార్డులో మూడు రోజులు స్టెరాయిడ్ డ్రిప్ పెట్టించాం. పేరు రాయను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి.

స్టెరాయిడ్ ఎక్కితే షుగర్ ఎగురుతుంది, కొవ్వు పోయినవాళ్లకి ఇన్సులిన్ అసలే సరిగా పనిచేయదు, రెండూ కలిస్తే ఏమవుతుందోనని నాకు ఒకటే టెన్షన్. ఇదివరకు చూపించిన చోట కీళ్లు, ఇమ్యూనిటీ జబ్బులు చూసే రుమటాలజీ వాళ్లు "షుగర్ సంగతి వాళ్లనడగండి" అంటే, షుగర్ డాక్టరు "ఆ మందుల సంగతి వాళ్లనే అడగండి" అనేవారు. ఇక్కడ ఇద్దరూ ఒకే చార్టు మీద రాశారు. గంటకోసారి వేలు గుచ్చి చూశారు, మొదటిరోజు మధ్యాహ్నం మూడింటికి 412, ఎంత ఇన్సులిన్ పెంచాలో అప్పటికే రాసి ఉంది. సిస్టర్ పొట్ట మీద చర్మం పట్టుకోబోయి "ఏముంది నాన్నా పట్టుకోవడానికి" అని నవ్వి 4 మిల్లీమీటర్ల సూది తెప్పించింది. సూది కండలోకి దిగితే ఇన్సులిన్ గబగబా ఎక్కి షుగర్ పడిపోతుందట, ఎనిమిదేళ్లలో ఎవరూ చెప్పలేదు మాకు.

ఇక కుర్చీలు. పిరుదుల్లో కొవ్వు లేనివాణ్ణి నాలుగు గంటలు ఆ చిరిగిన రెక్సిన్ మీద కూర్చోబెడితే ఎముక మీద కూర్చున్నట్టే. మంచం అడిగితే "డే కేర్ అంటే కుర్చీయే అమ్మా" అన్నారు. రెండోరోజు నుంచి ఇంట్లో దిండు మోసుకెళ్లాం. భోజనం ట్రేలో తెల్లన్నం, జ్యూస్ ప్యాకెట్! షుగర్ పడిపోయినప్పుడు పనికొస్తుందని ఆ ప్యాకెట్లు సంచిలో వేసుకున్నాం.

లైపోడిస్ట్రఫీకి 2014లో అమెరికాలో అనుమతి వచ్చిన మెట్రెలెప్టిన్ అనే మందు గురించి అడిగితే డాక్టరుగారు విసుక్కోలేదు. అది ఒంట్లో కొవ్వు నుంచి తయారయ్యే లెప్టిన్ అనే హార్మోన్ లోటు తీర్చే ఇంజక్షనేగానీ ఇమ్యూనిటీని అణిచేది కాదని చెప్పారు. పోయిన బుగ్గలు తిరిగొస్తాయని ఆశ పెట్టుకోవద్దనీ మొహం మీదే చెప్పారు. ఇప్పుడు ఇమ్యూనిటీని అణిచే మైకోఫెనోలేట్ మాత్రలు, తరచూ రక్తపరీక్షలు. జ్వరమొస్తే ఆగకుండా ఫోన్ చేయమని ఒక నంబరిచ్చారు. పోయిన నెల రాత్రి పదకొండింటికి చేశాను, రెండో రింగుకే ఎత్తారు.