చెరువు పరివాహక ప్రాంతం లెక్కకు క్యూజీఐఎస్: చిన్న నీటి వనరుల ఇంజినీర్లకు ఒక సిఫారసు

చిన్న నీటి వనరుల సర్వే, డిజైను పనులు చేసే ఇంజినీర్లు కంప్యూటర్‌లో ముందుగా ఏ ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టుకోవాలని అడిగితే, నేను తడుముకోకుండా చెప్పే పేరు క్యూజీఐఎస్. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఈ మ్యాపుల సాఫ్ట్‌వేరును ఇప్పుడు అనేక దేశాల ప్రోగ్రామర్లు కలిసి అభివృద్ధి చేస్తున్నారు. దీనికి రుసుము లేదు, లైసెన్సు గడువు లేదు, ఆఫీసులో ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకున్నా అడ్డు లేదు. అయితే నా సిఫారసుకు అసలు కారణం వేరే ఉంది. చెరువు పనిలో ఎక్కువ రోజులు తినే పరివాహక ప్రాంతం (వాన నీరు పారి చెరువులోకి చేరే నేల) లెక్కను ఇది ఒక పూటలో, అదీ మరొకరు సరిచూసుకోగలిగే విధంగా తేల్చిపెడుతుంది.

పూర్వం టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటం) మీద ట్రేసింగ్ పేపరు పరిచి, కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) వంపులు చూసుకుంటూ నీరు రెండు వైపులకు చీలే రిడ్జ్ లైను గీసి, వైశాల్యం కొలిచే ప్లానీమీటరు రెండు మూడు సార్లు తిప్పి సగటు తీసేవాళ్లం. ఆ పద్ధతి తప్పేమీ కాదు గాని, 20 మీటర్ల అంతరంతో కాంటూర్లున్న షీటులో చదును నేల మీద నీరు ఎటు మళ్లుతుందో చాలాచోట్ల ఊహించుకోవలసి వచ్చేది. ఇప్పుడు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా సుమారు 30 మీటర్ల గడులుగా ఉచితంగా దొరుకుతోంది. సూర్యాపేట వైపు చెరువైతే 17 డిగ్రీల అక్షాంశం, 79 డిగ్రీల రేఖాంశం దగ్గర మొదలయ్యే టైలు (డేటా ముక్క) దించుకుని, క్యూజీఐఎస్‌లోని గ్రాస్ అనే పనిముట్ల సమూహంలో ఆర్.వాటర్‌షెడ్ నడిపితే వాగులూ వంకలూ గీతలుగా తేలతాయి. ఆ తరువాత ఆర్.వాటర్.అవుట్‌లెట్ అనే పనిముట్టుకు చెరువు దగ్గర ఒక బిందువు చూపించాలి. ఓపిక పట్టవలసింది ఇక్కడే. ఆ బిందువు వాగు గీతకు ఒక్క గడి పక్కన పడినా, పదుల చదరపు కిలోమీటర్లు రావలసిన పరివాహక ప్రాంతం రెండు మూడు మళ్లంత ముక్కగా వస్తుంది. అందుచేత మ్యాపును బాగా దగ్గరికి తెచ్చుకుని, వాగు గీత మీది గడిలోనే బిందువు పెట్టాలి.

ఈ వైశాల్యమే తరువాత వరదను అంచనా వేసే రైవ్స్ సూత్రంలోకి వెళుతుంది. వైశాల్యం 10 శాతం తక్కువ వేస్తే అలుగుకు లెక్కగట్టే వరద దాదాపు 7 శాతం తగ్గిపోతుంది. ఒకదాని నీరు మరొకదానిలోకి పారే గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువులు ఆపే భాగాన్ని వేరుగా తీయాలి కనుక పని ఇంకా చిక్కుగా ఉంటుంది. ప్రతి చెరువుకూ ఒక బిందువు చూపించి, కింది చెరువు ముక్కలో నుంచి పై చెరువుల ముక్కలను కోసేస్తే, మనం ఫ్రీ క్యాచ్‌మెంట్ (నేరుగా ఈ చెరువుకే నీరిచ్చే భాగం) అనీ ఇంటర్‌సెప్టెడ్ క్యాచ్‌మెంట్ (పై చెరువులు ఆపే భాగం) అనీ రాసుకునే రెండు అంకెలూ విడివిడిగా వస్తాయి. ఈ ఒక్క పని కోసమైనా క్యూజీఐఎస్ నేర్చుకోవాలని నా అభిప్రాయం.

కొత్తవారు తప్పకుండా తట్టుకునే రాయి కొలతల వ్యవస్థ. దించుకున్న డేటా డిగ్రీలలో ఉంటుంది. దాన్ని మీటర్లలోకి మార్చకుండా వాలు లెక్కిస్తే చదును పొలాలు కూడా నిట్టనిలువు గోడల్లా కనిపించవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో అధిక భాగం యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే వ్యవస్థ) 44వ ఉత్తర జోనులో ఉన్నా, 78 డిగ్రీల రేఖాంశానికి పడమరనున్న అనంతపురం 43లోకి, తూర్పు కొసన ఉన్న ఇచ్ఛాపురం 45లోకి వెళతాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ పట్టణాలు దాదాపు జోను సరిహద్దు మీదే ఉన్నాయి కాబట్టి అక్కడి పనుల్లో ఏ జోను వాడారో డ్రాయింగు మీద రాసి తీరాలి.

దీనితో చేయకూడని పని కూడా ఒకటుంది. ఒక ఊళ్లో ఈ ఎస్ఆర్‌టీఎం కాంటూర్లను పట్టుకుని గీసిన ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి మట్టం) మ్యాపును నేను చూశాను. ఎన్నడూ నీళ్లు నిలవని మెరక చెలకలు శిఖంలో (చెరువు ముంపు భూమిలో) పడిపోయి, ఆ రైతులు కాగితాలు పట్టుకుని నెలల తరబడి తిరిగారు. 30 మీటర్ల గడిలో చెరువు కట్ట సరిగా కనిపించదు, రాడార్ నీటిని దాటి అడుగును చూడదు. ఎఫ్‌టీఎల్, తూము మట్టం, నీటి నిల్వ సామర్థ్యం వంటివి లెవెలు పరికరంతోనో, కచ్చితత్వం ఎక్కువున్న డీజీపీఎస్‌తోనో నేల మీద కొలవవలసినవే. కొలిచిన పాయింట్లను తెచ్చి క్యూజీఐఎస్‌లో వేస్తే కాంటూర్లు చక్కగా వస్తాయి.

దీనికి తోడుగా మరో రెండు సాఫ్ట్‌వేర్లు చాలు. అలుగు, తూము డ్రాయింగులకు లిబ్రేక్యాడ్ సరిపోతుంది. డీఎక్స్ఎఫ్ ఫైలుగా ఇచ్చిపుచ్చుకుంటే ఇబ్బంది ఉండదు. వాగులో వరద మట్టం లెక్కకు అమెరికా సైనిక ఇంజినీర్ల విభాగం తయారుచేసి ఉచితంగా ఇచ్చే హెక్‌రాస్ ఉంది.

క్యూజీఐఎస్ దించుకునేటప్పుడు సరికొత్త వెర్షను జోలికి పోకుండా దీర్ఘకాలిక విడుదలను ఎంచుకోండి. చెరువుల పేర్లు తెలుగులో రాసుకోవాలంటే షేప్‌ఫైలు అనే ఫైలు రకానికి బదులు జియోప్యాకేజీ రకంలో భద్రపరచండి. షేప్‌ఫైలులో కాలమ్ పేరు 10 అక్షరాల దగ్గరే తెగిపోతుంది, ఎన్‌కోడింగు తప్పితే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారతాయి.