పట్టుపోగుతో ఒక ముడి
మాది బరంపురం. పట్టు చీరలకు కుచ్చులు వేస్తాను. మొన్న ఆదివారం ఒక మ్యూజియంలో లైవ్ పెర్ఫార్మెన్స్ పెడితే, చూడ్డానికి కాదు, పాల్గొనడానికే పేరిచ్చాను. 2010లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో పెర్ఫార్మెన్స్ ఆర్టిస్ట్ మరీనా అబ్రమోవిచ్ దాదాపు మూడు నెలలు సందర్శకుల ఎదురుగా మౌనంగా కూర్చుందని మా అమ్మాయి చెప్పింది. ఇక్కడా మాటల్లేవు. కళాకారిణి ఎదుట పీట మీద కూర్చుని, ఆమె వేలికి చుట్టిన పట్టుపోగుకు మన పోగు ముడేయాలి. అంతే.

నా ముడి రెండుసార్లు జారింది. రోజూ చేసే పనే, అయినా టెన్షన్‌తో చేతులు వణికాయి. అప్పుడామె చూపుడువేలు కాస్త ముందుకు జరిపింది. పోగు ఒరుసుకుని అక్కడ ఎర్రగా గీత పడి ఉంది. పొద్దుట్నుంచీ ఎంతమంది ముడులు మోసిందో ఆ వేలు! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోసారి పోగు కొస తడిచేసి బిగించాను, నిలిచింది.

సూచనలు ఒడియాలో, ఇంగ్లీషులో మాత్రమే చెప్పారు. నా వెనకున్న పెద్దావిడకు నేనే తెలుగులో చెప్పాల్సొచ్చింది. 40 నిమిషాల క్యూలో ఒక్క కుర్చీ లేదు, అది బాగోలేదు. ఫోన్లు బయటే పెట్టించడం మాత్రం చాలా మంచి పని.

మళ్లీ పెడితే మా అమ్మను తీసుకెళ్తాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పీట బదులు స్టూలు అడగండి, ఇస్తారు.