సోలార్‌కు ఏ బ్యాటరీ: ట్యూబులరా, లిథియమా?

హనుమకొండలో మా మేడమీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 రూపాయలు ప్యానెళ్లకే, బ్యాటరీ ఖర్చంతా మనదే. కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) సోలార్ కూడా ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసేవాళ్ల ప్రాణాల కోసం. అందుకే బ్యాటరీ ఆలోచన.

ట్యూబులర్, అంటే సీసం, యాసిడ్‌తో పనిచేసే మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ, చవక. పాతబడితే సీసానికి షాపులో ఎంతో కొంత ఇస్తారు. కానీ 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో లెక్కకు 1.8 యూనిట్లున్నా, సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. అంటే చేతికొచ్చేది 0.9 యూనిట్. పైగా మన మే ఎండలు! వేడికి నీళ్లు తగ్గి, మూతల మీది తేలే గుర్తు కిందికి దిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోయాలి, టెర్మినళ్లకు పట్టిన తెల్లపొడి తుడవాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80–90 శాతం వాడుకోవచ్చు, నీళ్ల పని లేదు. ధర మాత్రం గుండె జారేంత. ఈఎంఐ తీసుకుంటే వడ్డీ కలిపి, చేతికొచ్చే యూనిట్‌కు ఎంత పడుతుందో లెక్కేయండి. ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో ముందే అడగండి.

ఎప్పుడో గంట కరెంటు పోయే ఇంటికి ట్యూబులరే చాలు. రోజూ రాత్రి బ్యాటరీ మీదే నడిపేవాళ్లకు నేనైతే లిథియమే చెప్తాను.