కారిబూ వేట: డాల్టన్ హైవే మీద వెళ్లడం మేలా, చిన్న విమానం మేలా?

అలాస్కాలో కారిబూ (ఉత్తర ధ్రువ ప్రాంతపు పెద్ద జింక) వేటకు ప్లాన్ వేసేవాళ్లు ముందు ఖర్చు గురించి అడుగుతారు. నేనైతే మాంసం ఎవరు మోస్తారని అడుగుతాను. బాగా ఎదిగిన మగ కారిబూ 160 నుంచి 180 కిలోలు తూగుతుంది. కొమ్ములు తీసుకుని తక్కినది వదిలేసి వస్తే అక్కడ నేరం. తినదగ్గ మాంసమంతా తెచ్చుకోవాల్సిందే.

డాల్టన్ హైవే 1974లో చమురు పైప్‌లైన్ కోసం వేసిన 666 కిలోమీటర్ల దారి, చాలా భాగం కంకరే. కోల్డ్‌ఫుట్ అనే చిన్న ఊరు దాటితే దారి చివరనున్న డెడ్‌హార్స్ దాకా దాదాపు 385 కిలోమీటర్లు బంకు ఉండదు. రెండు స్టెప్నీలు లేకుండా బయల్దేరొద్దు. ఖర్చు తక్కువ, మంద ఎటు కదిలితే అటు బండి తిప్పుకోవచ్చు. చిక్కల్లా ఒకటే: యూకాన్ నది దాటాక రోడ్డుకు ఇరువైపులా ఐదేసి మైళ్ల దాకా తుపాకీతో వేట నిషేధం. విల్లు పట్టాలి, దానికి సర్టిఫికెట్ కూడా ఉండాలి.

తుపాకీయే కావాలంటే ఆ 8 కిలోమీటర్లు నడవాలి. మ్యాపులో చూస్తే ఎంతో దూరం అనిపించదు. కానీ టండ్రాలో గడ్డి దుబ్బు మీద కాలు పెడితే అది పక్కకు ఒరుగుతుంది, రెండు దుబ్బుల మధ్య పెడితే చీలమండ దాకా చల్లటి నీళ్లు. వీపున 30 కిలోల మాంసంతో అదే దారిన తిరిగి రావాలి, అదీ ఒక్కసారితో అయిపోదు. ఈ మూడో దారి మాత్రం నేను ఎవరికీ చెప్పను.

చిన్న విమానం ఏ చెరువు మీదో, నది ఒడ్డున గులకరాళ్ల మీదో దించుతుంది. డబ్బు బాగా అవుతుంది. దిగిన రోజు కాల్చకూడదు, మర్నాడు తెల్లవారుజామున 3 దాకా ఆగాలి. పొగమంచు పట్టిందంటే విమానం రాదు, కాబట్టి మూడు రోజుల తిండి అదనంగా, శాటిలైట్ ఫోన్ తప్పనిసరిగా ఉండాలి. మంద అటు రాకపోతే మీరు దాని వెంట పోలేరు. అలాస్కా వాయవ్య తీరంలోని కాట్జబ్యూ వైపు పాత కబుర్లు నమ్మొద్దు: అక్కడి మంద 2003లో సుమారు 4,90,000, 2023కి 1,52,000. నిబంధనలూ బిగిశాయి. అమెరికాలో ఉండని విదేశీయులైతే ఏ దారిన వెళ్లినా లైసెన్సున్న గైడ్ తోడుండాలి.

ఏడాదంతా విల్లు సాధన చేసినవాళ్లకు డాల్టనే మేలు. తుపాకీ అలవాటున్నవాళ్లు ఇంకో ఏడాది డబ్బు దాచుకునైనా విమానంలోనే వెళ్లండి. బుక్ చేసే ముందు పైలట్‌ను ఒక్కటి అడగండి: వేట మూడో రోజే అయిపోతే, మాంసం పాడవకుండా తీసుకెళ్లడానికి మధ్యలో ఒక ట్రిప్పు వస్తారా?