టికెట్టు కొని మరీ చూడబోయిన దొంగలు: కోరంగి అభయారణ్యం

ముమ్మిడివరం దగ్గర నాకు మూడు చెరువులున్నాయి, లీజువే. రెండింట్లో వనామీ రొయ్య, ఒకదాంట్లో తెల్లచేప. రాత్రి కాపలాకి వెళ్లి చేపల చెరువు గట్టు మీద టార్చి వేస్తే నీటి అంచున రెండు కళ్లు మెరవడం మా వైపు అందరికీ తెలిసిందే. బావురుపిల్లి. ఇంటిపిల్లికి రెండింతలుంటుంది, ఒళ్లంతా నల్ల మచ్చలు, పొట్టి తోక. కొత్తవాళ్లు చూస్తే చిరుతపులి పిల్ల అనుకుని ఊరంతా లేపుతారు. మా లెక్కలో మాత్రం అది దొంగ. ఆ దొంగ ఉండే చోటు చూడ్డానికి టికెట్టు కొనుక్కుని కాకినాడ దగ్గరి కోరంగి అడవికి వెళ్దామని మా మేనకోడలు అడిగితే నవ్వొచ్చింది.

“రాత్రి మా గట్టు మీదకి రా అమ్మా, ఊరికే చూపిస్తాను.”

“నువ్వు చూపించేది దాని తోకే మావయ్యా. పద, బయల్దేరు” అంది. కాకినాడలో డిగ్రీ చదువుతోంది, జువాలజీ. దానితో వాదన పెట్టుకుంటే తెల్లారుతుంది.

సంక్రాంతి హడావిడి తగ్గాక వెళ్లాం. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ రోడ్డు పట్టుకుంటే దారిలోనే తగులుతుంది. లోపలికి వెళ్లాక ముందుగా ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల మధ్య నుంచి పోయే చెక్క వంతెన, ఆ తర్వాత బోటు. చూసేది ఈ రెండే. విశాఖ జూకి మా పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు బోర్డు చదవడం, బోను వైపు చూడడం, పులి కనపడగానే ఫోటో తీసుకోవడం, అంతే పని. ఇక్కడ బోర్డు ఉంటుంది గానీ బోను ఉండదు. 235 చదరపు కిలోమీటర్ల అడవి, 1978 నుంచి అభయారణ్యం. జంతువు ఎక్కడ ఉంటుందో దాని ఇష్టం.

మా వెనకే ఓ పెద్ద కుటుంబం వచ్చింది. స్పీకర్లో పాటలు, చిప్స్ పొట్లాలు, ప్రతి మలుపులో గ్రూప్ ఫోటో. పావుగంటలో చెక్క వంతెన చివరికి పోయి, “ఏముందండీ ఇక్కడ, అంతా బురదే” అంటూ తిరిగొచ్చారు. తప్పు వాళ్లొక్కరిదే అనలేను. మడ అడవిలో అందరూ తల పైకెత్తి చెట్ల కొమ్మల్లో వెతుకుతారు. చూడాల్సింది కింద.

బురద సంగతి నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా ఒక గంటసేపు ఆ చెక్కల మీద బోర్లా వంగి ఉండిపోయాను. నల్లటి బురదలోంచి పెన్సిళ్లలా వందల కొద్దీ వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి మడచెట్టు గాలి పీల్చుకునే వేళ్లు. నీటిలో నానిపోయిన మట్టిలో గాలి ఉండదు కదా, మా రైతులం నీళ్లు చిలికే ఏరియేటర్లు తిప్పేది కూడా చెరువులో ఆ కొరత తీర్చడానికే. ఆ వేళ్ల మధ్య ఒక చేతి డెక్క మాత్రమే బారుగా ఉన్న చిన్న పీతలు, ఆ డెక్కని పైకీ కిందికీ ఊపుతూ ఒకదాన్నొకటి బెదిరించుకుంటున్నాయి. అవన్నీ మగవి, ఆడపీతకి రెండు డెక్కలూ చిన్నవేనని మేనకోడలు చెప్పింది. పక్కనే కళ్లు నెత్తి మీదున్న బురద చేపలు నీళ్లలోంచి బయటికొచ్చి రెక్కల మీద గెంతుతున్నాయి. నీళ్లు దిగిపోతే చేప చావాలి, ఇదేమిటి షికారు చేస్తోంది అనుకున్నాను. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుందట.

తెల్లమడ ఆకు ఒకటి రాలి పడి ఉంటే తీసి నాకమంది మేనకోడలు. ఉప్పగా ఉంది. చెట్టు తాగిన ఉప్పుని ఆకు మీదకి గెంటేస్తుంది. వానలు లేని నెలల్లో చెరువు నీటిలో ఉప్పు (సాలినిటీ) పెరిగిపోతే మాకు నిద్ర పట్టదు, ఈ చెట్టు మాత్రం తన దారి తాను చూసుకుంది. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోండి. అక్కడ తిల్ల చెట్లు కూడా ఉంటాయి, వాటి పాలు కళ్లలో పడితే చూపుకే ప్రమాదం. ఏ కొమ్మా విరవనివ్వకండి.

ఇదంతా మాకు కనపడింది పాటు వేళ, అంటే సముద్రం నీళ్లు దిగిపోయే వేళ కాబట్టి. నీళ్లు ఎక్కే పోటు మీద వెళ్తే ఆ బురద మొత్తం నీటి కింద ఉంటుంది, పీత లేదు, చేప లేదు, ఉల్లంకి పిట్టా లేదు. పోటు వేళ రోజు రోజుకీ ముప్పావు గంటకి పైగా ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నాల దగ్గర నీళ్లు బాగా లోపలికొస్తాయి, దిగేటప్పుడు అంతకంతా దిగుతాయి. జాలరి ఎవరిని అడిగినా ఆ రోజు లెక్క చెప్పేస్తాడు. పుష్య మాసంలో వచ్చే చొల్లంగి అమావాస్యకి తీర్థం చూసుకుని అటే అడవి కూడా చూసేద్దాం అనుకునేవాళ్లు మాత్రం జనాన్ని దృష్టిలో పెట్టుకోండి.

బోటు గురించి. పాయల్లోంచి పోతుంటే రెండు వైపులా చెట్లే, మధ్యలో లకుముకి పిట్టలు, నీటికాకులు, తెల్లకొంగలు. ఇవి మా చెరువుల దగ్గరా ఉండేవే కాబట్టి నాకంత అనిపించలేదు. ఒక మలుపు తిరిగేసరికి గట్టున నాలుగైదు నీటికుక్కలు. వాసన ముందే తగిలింది నాకు. పచ్చి చేప కుళ్లిన ఆ వాసన వలలు చిరిగిన రోజు పొద్దున్న మా గట్టు మీద కూడా ఉంటుంది. అవి మమ్మల్ని చూసి భయపడలేదు. ఒకటి నిలబడి చూసింది, మిగతావి ఈలలాంటి అరుపులు అరుచుకుంటూ ఒకదాని వెనక ఒకటి నీళ్లలోకి జారాయి. ఇంటిల్లిపాదీ కలిసి వేటాడతాయి. మేనకోడలు వీడియో తీస్తూ చెయ్యి వణికించేసింది. నేను బోటు నడిపే అతన్ని, “ఇవి వలలు చింపవా ఇక్కడ?” అని అడిగాను.

“చింపుతాయండి ఆయ్. మాకూ అలవాటే” అన్నాడు తాపీగా.

శీతాకాలంలో వెళ్తే కొత్తగా వచ్చిన పక్షులుంటాయి, అసలు ఈ కాలంలో రమ్మనేది అందుకే. సైబీరియా వైపు నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన చిన్నా పెద్దా పిట్టలు బురద దిబ్బల మీద గుంపులు గుంపులుగా దిగుతాయి. వాటిలో తేడాలు కనిపెట్టడం నా వల్ల కాలేదు. ఇండియన్ స్కిమ్మర్ ఒక్కటి మాత్రం గుర్తుపట్టగలను ఇప్పుడు. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవు, నారింజ రంగు. నోరు తెరిచి కింది ముక్కుతో నీటిని చీల్చుకుంటూ ఎగురుతుంది, చేప తగలగానే నోరు మూసేస్తుంది. ప్రపంచంలో తక్కువగా మిగిలిన పక్షుల్లో ఇదొకటి. మాకు దూరంగా ఓ ఇసుక దిబ్బ మీద కూర్చున్నవే కనపడ్డాయి. బైనాక్యులర్ లేకపోతే అవి తెల్లటి చుక్కలే, ఎవరి దగ్గరైనా అడిగి తీసుకెళ్లండి. ఇదే నెలల్లో హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, కానీ అది రాత్రి వేళ జరిగే పని. టూరిస్టు చూసేది కాదు, చూడకపోవడమే మంచిది కూడా.

ఇక బావురుపిల్లి. కనపడలేదు. అది రాత్రి తిరిగేది, పగలంతా పొదల్లో పడుకుంటుంది. 2018లో కెమెరాలు పెట్టి లెక్కేస్తే ఈ అడవిలో 115 తేలాయని మేనకోడలు చెప్పింది. చేపల కోసం నీళ్లలో మునిగే పిల్లి. వేళ్ల మధ్య కొంచెం పొర కూడా ఉంటుంది. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే ఉచ్చు పెట్టినవాడు జైలుకే. మా వైపు ఈ సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు, అందుకే రాస్తున్నాను. మడ నరికి చెరువు తవ్విన చోట అది ఎక్కడికి పోతుంది, గట్టెక్కుతుంది.

“ఎలకల్ని కూడా తింటుంది మావయ్యా. మీ గట్లకి బొరియలు పెట్టేవి ఎవరు?” అంది తిరిగొస్తూ.

ఎలకలే. పీతలు కూడా. బొరియ పడి గట్టు కారిందంటే పోయేది ఒక చేప కాదు, ఒక పంట. మేనకోడలి లెక్కలో నిజముందని ఒప్పుకున్నాను గానీ చేపపిల్ల వేసిన చెరువు చుట్టూ వల కట్టడం మాత్రం మానను.

జంతువు ఎదురుగా నిలబడి కనపడాలి అనుకునేవాళ్లకి, రెండు గంటల్లో చుట్టేసి కాజా కొనుక్కుని ఇంటికెళ్దాం అనుకునేవాళ్లకి కోరంగి నచ్చదు. చదువుకునే పిల్లలకి, ఓపికున్నవాళ్లకి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆక్వా రైతులు తప్పకుండా ఒకసారి చూడాలి. టైగర్ రొయ్య పిల్ల, మండపీత పిల్ల పెరిగేది ఈ వేళ్ల మధ్యే. 96 తుపాను చూసిన కోనసీమ వాళ్లకి ఈ చెట్లు అల జోరు ఎలా తగ్గిస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

పొద్దున్నే వెళ్లండి. దోమలుంటాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి. హైహీల్స్ వద్దు, చెక్కల సందుల్లో ఇరుక్కుంటాయి. నీళ్లు, టిఫిను ముందే చూసుకోండి. బోటు పోటుని బట్టి నడుస్తుంది కాబట్టి, ఆ రోజు ఉందో లేదో అడిగి బయల్దేరండి.